ఇంటి నెట్ కంపెనీ మార్చాలా? విశాఖలో తీగలు లాగిన అనుభవంతో నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మురళీనగర్‌లో మూడో అంతస్తు ఫ్లాట్. నాలుగేళ్లుగా ఒకే కంపెనీ నెట్, 100 ఎంబీపీఎస్ ప్లాన్. పొద్దున బాగానే ఉంటుంది. రాత్రి ఎనిమిది దాటితే ఆఫీసు కాల్స్ మధ్యలో తెగిపోతున్నాయి. నెలకో, రెండు నెలలకో ఒకసారి బాక్సులో ఎర్ర లైటు వెలిగి రెండేసి రోజులు నెట్ ఉండదు. ఆరు నెలల డబ్బు ముందే కట్టేశారు, ఇంకా రెండు నెలలు మిగిలి ఉంది. మారాలా, మారితే ఎవరికి మారాలి, మారేటప్పుడు మధ్యలో నెట్ లేకపోతే ఉద్యోగం సంగతి ఏమిటి అని మీ టెన్షన్.

సూటిగా చెబుతాను. మారండి. పాతదాన్ని మాత్రం ఇప్పుడే తీసేయకండి. ముందు మూడు రోజులు లాన్ వైరుతో, అంటే రౌటర్ నుంచి నేరుగా లాప్‌టాప్‌కి పెట్టే వైరుతో, స్పీడు కొలవండి. తప్పు నిజంగా కంపెనీదే అని తేలితే కొత్త కనెక్షన్ నెలవారీ ప్లాన్ మీద తీసుకోండి. మీకు ఎలాగూ రెండు నెలల డబ్బు కట్టి ఉంది కాబట్టి రెండూ పక్కపక్కన నడవనివ్వండి. కొత్తది ఒక నెల బాగా నడిచాక పాతది మూసేయండి.

ఎవరికి మారాలి అన్నదానికి ఊరంతటికీ సరిపోయే జవాబు లేదు. ఉందని ఎవరైనా చెబితే వాళ్ల సందు గురించి చెబుతున్నారని అర్థం. నెలనెలా బిల్లు కంపెనీ పేరుతో వస్తుంది గానీ, నెట్ బాగుండేదీ పాడయ్యేదీ సందు చివరి స్తంభం నుంచి మీ గుమ్మం దాకా ఉన్న తీగ దగ్గర, అది తెగినప్పుడు నిచ్చెన వేసుకుని వచ్చే మనిషి దగ్గర. నేను ఇంత పొడుగ్గా రాస్తున్నది ఆ తీగను, ఆ మనిషిని ముందే ఎలా అంచనా వేయాలో చెప్పడానికే.

నా గురించి రెండు మాటలు. కేబుల్ టీవీ రోజుల్లో అక్కయ్యపాలెంలో డాబాల మీద తీగలు లాగడంతో ఈ పనిలోకి వచ్చాను. తర్వాత టెలిఫోను వైరు మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్, ఆ తర్వాత ఫైబర్. ఇప్పుడు ఏ కంపెనీకీ కనెక్షన్లు అమ్మడం లేదు. అపార్టుమెంట్లకు, చిన్న ఆఫీసులకు లోపలి వైరింగు, వైఫై సరిచేసి పెడతాను. కాబట్టి మీరు ఎవరికి మారినా నాకు వచ్చేదీ పోయేదీ ఏమీ లేదు.

మొదట తప్పు ఎక్కడుందో తేల్చుకోండి

ఎంవీపీ కాలనీలో ఒక రిటైర్డ్ దంపతులు ఏడాదిలో మూడు కంపెనీలు మార్చారు. మూడో కంపెనీతో కూడా "పడకగదిలో వీడియో కాల్ ఆగిపోతోంది బాబూ, అమెరికాలో ఉన్న మనవడి మొహం సరిగా కనిపించడం లేదు" అని బాధపడుతూ నన్ను పిలిచారు. వెళ్లి చూస్తే రౌటర్ హాల్లో ఇనుప బీరువా వెనకాల నేల మీద ఉంది. మూడు కంపెనీల వాళ్లూ పాత కన్నంలోంచే వైరు దూర్చి అక్కడే పెట్టేసి వెళ్లారు. లాన్ వైరు పెట్టి చూస్తే 100కు దాదాపు 100 వస్తోంది. పది మీటర్ల వైరు తెప్పించి రౌటర్‌ని రెండు గదుల మధ్య గుమ్మం పైన పెట్టాను. సమస్య అక్కడితో తీరిపోయింది. వాళ్లు మూడుసార్లు కట్టిన ఇన్‌స్టాలేషన్ డబ్బు గుర్తొస్తే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అందుకే ముందు ఈ పరీక్ష. లాప్‌టాప్‌ని లాన్ వైరుతో నేరుగా రౌటర్‌కి కలపండి. మిగతా ఫోన్లు, టీవీ వైఫై ఆపేయండి. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి తొమ్మిదింటికి స్పీడ్ టెస్ట్ చేసి డౌన్‌లోడ్, అప్‌లోడ్ కాగితం మీద రాయండి. మూడు రోజులు చేయండి. ఆ అంకెలను ఇలా చదవాలి.

మూడు పూటలా 90 పైన వస్తుంటే కంపెనీ తప్పు లేదు, మీ ఇంట్లో వైఫై తప్పు. కంపెనీ మారినా అదే బాధ మీ వెంట వస్తుంది. పొద్దున 95 ఉండి రాత్రి 25కో 30కో పడిపోతుంటే అది పైనుంచి వచ్చే ఇరుకు, మీరు ఇంట్లో ఏం చేసినా బాగుపడదు, మారాల్సిందే. ఇంకో సంగతి. కొందరు 200, 300 ప్లాన్ తీసుకుని లాన్‌లో ఎప్పుడు చూసినా 94, 95 దగ్గరే ఆగిపోతోందంటారు. అది కంపెనీ మోసం అనుకోకండి. రౌటర్‌కో లాప్‌టాప్‌కో 100 వరకే పనిచేసే పోర్టు ఉండొచ్చు. లేదా వైరులో ఎనిమిది తీగలకు బదులు నాలుగే కలిపి ఉండొచ్చు. గిగాబిట్ వేగానికి ఎనిమిదీ కావాలి. మన ఊళ్లో బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, రుషికొండ వైపు ఇళ్లలో ఉప్పుగాలికి లాన్ కనెక్టర్ పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఇలా అవడం నేను చాలాసార్లు చూశాను. కనెక్టర్ మారిస్తే సరిపోతుంది.

వైఫైలో 2.4, 5 (గిగాహెర్ట్జ్) అని రెండు రకాలు కనిపిస్తాయి కదా. 2.4 గోడలు దాటి దూరం పోతుంది గానీ అపార్టుమెంట్లో పక్కింటి రౌటర్లన్నీ అందులోనే అరుస్తుంటాయి. చాలా ఇళ్లలో 40, 50 దాటదు. 5 వేగంగా ఉంటుంది, రెండు గోడలకే నీరసిస్తుంది. ఆఫీసు కాల్ చేసే టేబుల్ దగ్గరికి వీలైతే లాన్ వైరే లాగించుకోండి. ఒకసారి పెట్టే ఖర్చు, ఏళ్ల తరబడి నిశ్చింత.

రాత్రే ఎందుకు నెమ్మదిస్తుంది

ఇప్పుడు ఇళ్లకు వచ్చే ఫైబర్ ఎక్కువగా జీపాన్ పద్ధతి. స్తంభం మీది చిన్న పెట్టెలో ఒక గాజు తీగను 32 ఇళ్లకో 64 ఇళ్లకో చీలుస్తారు. ఆ ఒక్క తీగ మీద కిందికి దాదాపు 2.5 గిగాబిట్లు, పైకి 1.25 గిగాబిట్లు నడుస్తాయి. 32 ఇళ్లూ ఒకే క్షణంలో పూర్తి వేగంతో లాగినా ఇంటికి 78 ఎంబీపీఎస్ దాకా మిగులుతుంది, నిజానికి అలా అందరూ ఒకేసారి లాగరు. కాబట్టి రాత్రిపూట 25కి పడిపోతే తప్పు చాలావరకు ఆ పెట్టెలో ఉండదు. దానికి పైన, మీ ప్రాంతానికంతటికీ కలిపి కొన్న బ్యాండ్‌విడ్త్ చాలకపోవడమే అసలు కారణం. మునిసిపల్ కుళాయి లాంటిదే. మీ ఇంటి పైపు ఎంత లావుదైనా, ట్యాంకు నుంచి వచ్చే మెయిన్ చిన్నదైతే అందరూ నీళ్లు పట్టే వేళకు ధార సన్నబడుతుంది.

ఇక్కడ ఇంకో విషయం చూసుకోవాలి. మీకు కాల్స్ ముఖ్యం. మంచి వీడియో కాల్‌కి అటూ ఇటూ 4 ఎంబీపీఎస్ ఉంటే చాలు. ఒక టీవీలో 4కే సినిమాకి 15 దాకా కావాలి. అంటే నలుగురున్న ఇంటికి 100 నికరంగా వస్తే ఎక్కువే. అందుకని కొత్త కంపెనీ వాడు 300 ప్లాన్ అంటే మురిసిపోకండి. రాత్రి తొమ్మిదింటికి నిలబడే 100, పగలు మాత్రమే వచ్చే 300 కంటే మీకు పనికొస్తుంది. అప్‌లోడ్ ఎంత ఇస్తారో విడిగా అడగండి. కొన్ని ప్లాన్లలో డౌన్‌లోడ్ 100 ఉండి అప్‌లోడ్ తక్కువ ఉంటుంది, మీ గొంతు అవతలివాళ్లకు ముక్కలు ముక్కలుగా వినిపించేది అప్పుడే.

మధ్యలో ఒక మాట. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 15 బిలియన్ డాలర్ల ఏఐ హబ్ పెడతామని, దాంతోపాటు సముద్రగర్భ కేబుళ్లు ఇక్కడ ఒడ్డుకు చేరతాయని ప్రకటించినప్పటినుంచి "అవి వచ్చాక మన నెట్ దానంతట అదే బాగుపడుతుందిగా, ఇప్పుడు మారడం ఎందుకు" అని అడుగుతున్నారు. ఊరికి చాలా మంచి విషయమే. విదేశాలకు వెళ్లే మార్గాలు పెరిగితే లాభమే. అయినా మీ సందులో స్తంభం మీది జాయింట్ దానివల్ల బాగుపడదు. దానికోసం ఆగకండి.

రెండేసి రోజులు పోవడం గురించి

మీరు రాసినదాంట్లో నాకు ఎక్కువ పట్టించుకోవాలనిపించింది ఇదే. ఎర్ర లైటు, అంటే లాస్ లైటు, వెలిగిందంటే మీ బాక్సుకి వెలుతురు అందడం లేదు. తీగ తెగింది, లేదా బాగా వంగింది, లేదా జాయింట్ ఊడింది. తీగ తెగడం అందరికీ జరుగుతుంది. మన ఊళ్లో కారణాలు ఏడాది పొడవునా ఉంటాయి. ఎత్తు లోడు లారీ సందులోకి వస్తే తీగ తగులుతుంది. రోడ్డు తవ్వుతారు. కరెంటు వాళ్లు కొమ్మలు కొట్టేటప్పుడు తెగుతుంది. కొండ పక్కన ఉన్న కాలనీల్లో కోతులు తీగల మీద ఊగుతాయి. వినాయక చవితికి పెద్ద విగ్రహం వస్తుంటే కర్రలతో తీగలు పైకెత్తి పట్టుకుంటారు, ఆ వారం రోజులూ మాకు ఫోన్లే ఫోన్లు.

తెగిన తీగను కలపడానికి అసలు పని పావుగంట, అరగంట. మిషన్‌లో రెండు చివరలు పెట్టి అతికించడమే. మరి రెండు రోజులు ఎందుకు పడుతుంది? ఆ ప్రాంతానికి ఒకడే కుర్రాడు ఉండటం వల్ల, మిషన్ ఇంకో ఏరియాలో ఉండటం వల్ల, మీ ఫిర్యాదు హైదరాబాద్‌లోనో ఇంకెక్కడో కాల్ సెంటర్‌లో ఎక్కి ఇక్కడి మనిషికి మర్నాడు చేరడం వల్ల. అందుకే కొత్త కంపెనీని ఎంచేటప్పుడు స్పీడు కంటే ముందు అడగాల్సింది: పోయినసారి తెగినప్పుడు ఎన్ని గంటల్లో వచ్చింది? ఈ ప్రశ్న కంపెనీని అడిగితే "నాలుగు గంటల్లో సార్" అంటారు. మీ పై ఫ్లాటు వాళ్లను, ఎదురింటివాళ్లను, వాచ్‌మన్‌ను అడగండి. వాచ్‌మన్‌కి ఏ కంపెనీ అబ్బాయి ఎన్నిసార్లు వస్తాడో, ఎవరు ఫోన్ ఎత్తుతారో బాగా తెలుసు.

చాలామందికి తెలియని సంగతి, పెద్ద పేరున్న కనెక్షన్ల వెనకాల కూడా ఇంటి దాకా లైను వేసి చూసుకునేది స్థానిక మనుషులే. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా రాష్ట్రమంతా పాకింది, ఇంట్లోకి తెచ్చేది మాత్రం వీధి కేబుల్ ఆపరేటర్. బీఎస్ఎన్ఎల్ ఫైబర్‌లోనూ చాలాచోట్ల స్థానిక భాగస్వాములే లైను చూసుకుంటారు. జియో, ఎయిర్‌టెల్, యాక్ట్ లాంటివాళ్లకు ప్రాంతాలవారీగా టీములు ఉంటాయి. అందువల్ల ఒకే కంపెనీ సీతమ్మధారలో బంగారంలా నడిచి గాజువాకలో ఏడిపించవచ్చు, పక్క కంపెనీ సరిగ్గా దానికి తిరగేసి ఉండవచ్చు.

కనెక్షన్ తీసుకునే ముందు మీ కళ్లతో చూడండి

సాయంత్రం ఒకసారి కిందికి దిగి సందు చివరి దాకా నడవండి. స్తంభాల మీద పెట్టెలు ఎన్ని ఉన్నాయో, వాటి మూతలు మూసి ఉన్నాయో వేలాడుతున్నాయో, తీగ చుట్టలు నీట్‌గా కట్టి ఉన్నాయో లేదో చూడండి. మూత ఊడిన పెట్టెలో వాన నీళ్లు చేరతాయి. ఫైబర్ గాజు కాబట్టి దానికి తుప్పు పట్టదు, అది మన సముద్రపు ఊరికి వరం. కానీ స్తంభం నుంచి ఇంటికి వచ్చే డ్రాప్ కేబుల్‌లో బలం కోసం ఉండే ఉక్కు తీగ, దాన్ని స్తంభానికి పట్టి ఉంచే కొక్కేలు తుప్పు పడతాయి. అవి పోతే తీగ సాగి కిందికి వేలాడుతుంది, లారీకి తగిలేది అలాంటిదే. నాలుగేళ్లనాటి మీ పాత తీగ కూడా ఈపాటికి అలాగే ఉండి ఉంటుంది.

తర్వాత అపార్టుమెంట్ షాఫ్టు, అంటే తీగలు పైఅంతస్తులకు వెళ్లే నిలువు గూడు. ఏ కంపెనీ పెట్టె ఇప్పటికే లోపల ఉందో చూడండి. ఉంటే కనెక్షన్ ఒక్కరోజులో వస్తుంది. కొన్ని అపార్టుమెంట్లలో అసోసియేషన్ ఒకటి రెండు కంపెనీలనే రానిస్తుంది, ముందే సెక్రటరీ గారిని అడగండి. అద్దె ఇల్లయితే గోడకు కన్నం పెట్టడానికి ఇంటి ఓనరుని అడగాలి, ఇది చిన్న విషయమే గానీ దీనిమీదే గొడవలు జరిగాయి.

అమ్మడానికి వచ్చిన అబ్బాయిని తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "ఫైబర్ మా ఇంటి లోపలి బాక్సు దాకా వస్తుందా, లేక మెట్ల కింద స్విచ్ పెట్టి అక్కణ్నుంచి లాన్ వైరు తెస్తారా?" రెంటినీ ఫైబర్ అనే అమ్ముతారు. ఇంటి దాకా ఫైబర్ అయితే మధ్యలో స్తంభం మీది పెట్టెకు కరెంటు అక్కర్లేదు. మీ బాక్సుకి ఓ చిన్న రౌటర్ యూపీఎస్ పెట్టుకుంటే కరెంటు పోయినా రెండు మూడు గంటలు నెట్ నడుస్తుంది. మెట్ల కింద స్విచ్ ఉన్న రకమైతే ఆ స్విచ్‌కి కరెంటు పోగానే మొత్తం బిల్డింగుకే నెట్ పోతుంది, మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా లాభం లేదు. పిడుగులు పడే రోజుల్లో ఆ రాగి వైరు ద్వారా రౌటర్లు కాలిపోవడం కూడా చూశాను.

బిగించే రోజు దగ్గరుండండి. డ్రాప్ కేబుల్ స్తంభం నుంచి ఇంటి దాకా మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్కగా రావాలని చెప్పండి. తలుపు మూలల్లో, కిటికీ సందుల్లో మడత పెట్టనివ్వకండి. గాజు తీగ ఎంత గట్టిగా వంగితే వెలుతురు అంత బయటికి పోతుంది. చివర్లో "పవర్ ఎంత వచ్చింది బాబూ, మీటర్ చూపించు" అని అడగండి. పవర్ అంటే తీగలో మీ బాక్సు దాకా అందే వెలుతురు, డీబీఎంలో కొలుస్తారు. మైనస్ 15 నుంచి మైనస్ 23 మధ్య ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. మైనస్ 27 దగ్గరికి వస్తే మామూలు బాక్సు ఆఖరి హద్దులో ఉన్నట్టు. ఆ రోజు నెట్ వస్తుంది, గాలివానకు జాయింట్ కొంచెం కదిలితే చాలు ఎర్ర లైటే. మైనస్ 25 దాటి 27 వైపు వెళితే జాయింట్ మళ్లీ వేయమని అడగండి. అడిగినవాళ్లకు వేస్తారు. ఆ అంకెను ఫోటో తీసి పెట్టుకోండి, ఆరు నెలల తర్వాత సమస్య వస్తే పోల్చుకోవడానికి పనికొస్తుంది.

డబ్బు సంగతి

ప్రకటనలో 599 అని ఉంటే 18 శాతం జీఎస్టీ కలిపి చేతినుంచి పోయేది దాదాపు 707. ఇన్‌స్టాలేషన్, రౌటర్ డిపాజిట్ ఉన్నాయా, డిపాజిట్ తిరిగి ఇస్తారా అన్నది రాతపూర్వకంగా, కనీసం వాట్సాప్‌లో రాయించుకోండి. "అన్‌లిమిటెడ్" అన్నదాని కింద నెలకు ఇన్ని జీబీల తర్వాత స్పీడు తగ్గుతుంది అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఆ పరిమితి ఎంతో, తర్వాత ఎంతకు పడుతుందో చూడండి.

ఏడాది ప్లాన్ కడితే రెండు నెలలు ఫ్రీ అంటారు. నేనూ మా ఇంటికి అలాగే కట్టాను, ఈ పనిలో ఉండి కూడా. మూడు వారాలు అద్భుతంగా నడిచింది. తర్వాత మా వీధి చూసే అబ్బాయి ఉద్యోగం మానేశాడు, అతని బదులు ఎవరూ రాలేదు. తీగ తెగితే నాలుగు రోజులు, ఒకసారి ఆరు రోజులు. మిగిలిన డబ్బు తిరిగి ఇమ్మంటే ప్లాన్ నిబంధనల్లో లేదన్నారు. అందుకే మీకు చెబుతున్నాను, మొదటి మూడు నెలలు నెలవారీగానే కట్టండి. ఏడాది ప్లాన్‌లో మిగిలే ఆ కొద్ది డబ్బు, విసిగితే వదిలేసి వెళ్లగలిగే స్వేచ్ఛ ముందు చాలా చిన్నది. నెలనెలా మళ్లీ కడతారో లేదో తెలియని మీ ఇంటికి అబ్బాయి కూడా కొంచెం తొందరగా వస్తాడు, ఇది నేను రెండు వైపులా నిలబడి చూసిన నిజం.

మారేటప్పుడు పోయే వస్తువులు

మొబైల్ నంబరు ఉంచుకుని కంపెనీ మారినట్టు ఇంటి నెట్‌లో ఉండదు. ఇక్కడ ప్రతి కంపెనీ కొత్త కనెక్షనే, కొత్త ఆధార్ పని, కొత్త తీగ. పాతదానితో పాటు ల్యాండ్‌లైన్ నంబరు ఉంటే అది కూడా పోతుంది. బ్యాంకులోనో గ్యాస్ దగ్గరో అమ్మానాన్నల పేరు మీద ఆ నంబరే ఉందేమో ముందు చూసుకోండి. టీవీ చానళ్లు కూడా అదే బాక్సు నుంచి వస్తుంటే నెట్‌తో పాటు టీవీ ఆగిపోతుంది, ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పాలి.

గాజువాకలో ఒక ఇంటివాళ్లకు కంపెనీ మారిన మర్నాడే దుబాయ్‌లో ఉన్న కొడుకు ఫోన్లో ఇంటి కెమెరాలు కనిపించడం మానేశాయి. కెమెరాలు పాడయ్యాయనుకున్నారు. పాత కంపెనీ వాళ్లు ఇంటికి విడిగా ఒక పబ్లిక్ ఐపీ (నెట్‌లో ఇంటి చిరునామా లాంటి నంబరు) ఇచ్చారు, కొత్తవాళ్లు వందల ఇళ్లను ఒకే ఐపీ వెనకాల పెట్టారు. పాతకాలం డీవీఆర్ (కెమెరాల రికార్డింగు బాక్సు) బయటినుంచి దొరకాలంటే పబ్లిక్ ఐపీ కావాలి. రౌటర్ పేజీలో వచ్చిన ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు అలా పంచుకునే ఐపీ వెనకాల ఉన్నట్టే. అలాంటి కెమెరా గానీ, ఫలానా ఐపీ నుంచే లాగిన్ అవ్వాలనే ఆఫీసు గానీ ఉంటే స్టాటిక్ ఐపీ, అంటే మీకే ఇచ్చే మారని పబ్లిక్ ఐపీ, దొరుకుతుందా, నెలకు ఎంత అని ముందే అడగండి. ఇప్పటి యాప్ కెమెరాలకు ఈ బెడద లేదు.

ఇంకో చిన్న పని, చాలా సుఖం ఇస్తుంది. రెండు కనెక్షన్లు పక్కపక్కన నడిచే రోజుల్లో కొత్త రౌటర్‌కి వేరే పేరు ఉంచి మీ లాప్‌టాప్ మాత్రమే దాని మీద పెట్టండి. రాత్రి కాల్స్ అన్నీ దాని మీదే చేసి చూడండి. తృప్తి కలిగాక, పాత రౌటర్ ఆపేసి, కొత్త రౌటర్ వైఫైకి పాత పేరే, పాత పాస్‌వర్డే అక్షరం తేడా లేకుండా పెట్టండి. టీవీ, ఫోన్లు, కెమెరాలు, బల్బులు వాటంతట అవే వచ్చి కలుస్తాయి. ఒక్కొక్కదానికీ పాస్‌వర్డ్ కొట్టే బాధ ఉండదు.

మీ ఉద్యోగానికి రెండో దారి

మధురవాడలో ఒక అపార్టుమెంట్లో ఇంటినుంచి పనిచేసే అమ్మాయి ఒకటి తెగితే ఇంకొకటి ఉంటుందని రెండు కంపెనీలు పెట్టుకుంది. ఒకరోజు కాంక్రీటు లారీ వెనక్కి వస్తూ మలుపులో స్తంభానికి తగిలింది, రెండూ ఒకేసారి పోయాయి. రెండు తీగలూ ఆ ఒక్క స్తంభం మీదుగానే వచ్చాయి మరి. రెండో కనెక్షన్ పెట్టుకుంటే అది వేరే దారిలో రావాలి. ఫైబర్‌కి తోడు మొబైల్ హాట్‌స్పాట్ గానీ, డాబా మీద పెట్టి సెల్ టవర్ సిగ్నల్‌తో నెట్ ఇచ్చే 5జీ ఎయిర్‌ఫైబర్ గానీ మేలు, ఎందుకంటే అవి మీ సందు స్తంభాల మీద ఆధారపడవు. మీ సిమ్ ఏ కంపెనీదైనా, ఇంట్లో ఏ మూల 5జీ బాగా అందుతుందో ఈరోజే చూసి పెట్టుకోండి.

ఎయిర్‌ఫైబర్‌నే ప్రధాన కనెక్షన్‌గా పెట్టుకోవచ్చా అని కూడా అడుగుతుంటారు. పెందుర్తి శివార్లలో, కొండవాలు ఇళ్లలో ఫైబర్ రానిచోట అదే దిక్కు, నేను స్వయంగా పెట్టించాను. కానీ టవర్ని అందరూ పంచుకుంటారు కాబట్టి రాత్రిళ్లు పైకీ కిందికీ ఊగుతుంది. మురళీనగర్‌లో ఫైబర్ దొరుకుతుంటే మీకు ఫైబరే మొదటిది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన తర్వాత మా వీధిలో స్తంభాలతో సహా తీగలన్నీ నేల మీద ఉన్నాయి. అంత పెద్ద గాలికి ఏ కంపెనీ నిలబడదు, అప్పుడు సెల్ టవర్లు కూడా పడిపోయాయి. ఆ తర్వాత నగరంలో కొన్నిచోట్ల కరెంటు తీగలు భూమిలోకి దింపారు. నెట్ తీగలు మాత్రం చాలా సందుల్లో ఇంకా తల మీదే ఉన్నాయి. కాబట్టి తుపాను హెచ్చరిక వచ్చిన రోజు ఫోన్, పవర్ బ్యాంకు నింపి, ఆఫీసుకి ముందే ఒక మెయిల్ పెట్టేయండి.

పాతది మూసేటప్పుడు

ఊరికే కట్టడం మానేస్తే కనెక్షన్ మూసినట్టు కాదు. యాప్‌లోనో మెయిల్‌లోనో మూసేయమని రాసి, రిక్వెస్ట్ నంబరు తీసుకోండి. యూపీఐలోనో కార్డులోనో ఆటో పే ఉంటే ముందు అది ఆపండి. బాక్సు, అడాప్టరు కంపెనీవైతే తిరిగి ఇచ్చేటప్పుడు వెనక సీరియల్ నంబరు కనిపించేలా ఫోటో తీసి, తీసుకున్నట్టు సంతకం గానీ మెసేజ్ గానీ తీసుకోండి. మా ఇంటి పాత బాక్సును వచ్చిన అబ్బాయి చేతికి నోటిమాట మీద ఇచ్చేశాను. మూడు నెలల తర్వాత బాక్సు రాలేదని దాని ఖరీదు కట్టమని ఫోన్లు మొదలయ్యాయి. ఇచ్చేముందు తీసిన ఫోటో ఉండబట్టి బయటపడ్డాను.

డిపాజిట్ తిరిగి రాకపోతే ముందు కాల్ సెంటర్‌లో ఫిర్యాదు నంబరు తీసుకోండి. దానికి సరైన జవాబు రాకపోతే అదే కంపెనీలో అప్పీలు అథారిటీ అని ఉంటుంది, వివరాలు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటాయి, అక్కడికి రాయండి. అప్పటికీ కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. టెలికాం కంపెనీలను నియంత్రించే ట్రాయ్‌కి నేరుగా రాస్తే అయిపోతుందని చాలామంది అనుకుంటారు, ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదు విడిగా తీసుకుని తేల్చదు. ఎక్కడికి వెళ్లినా మొదటి ఫిర్యాదు నంబరు అడుగుతారు, అందుకే ప్రతి ఫోన్‌కాల్ తర్వాత ఆ నంబరు రాసుకోవడం మరచిపోవద్దు.

ఈ వారం లాన్ పరీక్ష మొదలుపెట్టండి. మూడు రోజుల్లో తొమ్మిది కొలతలు వస్తాయి. వాటితో పాటు మీ సందులో ఏ ఏ కంపెనీల పెట్టెలు కనిపించాయో, పోయినసారి ఎవరిది ఎన్ని గంటల్లో బాగుపడిందని వాచ్‌మన్ చెప్పాడో కింద రాయండి. అవి చూస్తే మీకు వాటిలో ఏది నయమో నేను చెప్పగలను.